షాకబ్జర్ బోల్టు: విప్పడం ఒక పని, బిగించడం ఇంకో పని

మెషీన్ డిజైన్ క్లాసులో బోల్టు అనగానే రెండు ప్లేట్లు, మధ్యలో ఒక గీత, పక్కన ఒక ఫార్ములా గుర్తొస్తాయి. లెక్క చేస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. ఆ బొమ్మలో మట్టి ఉండదు, తుప్పు ఉండదు, పదిహేనేళ్ళుగా ఎవరూ ముట్టని నట్టు ఉండదు. పాత బండికి షాకబ్జర్ మార్చాలంటే మాత్రం ముందు అలాంటి బోల్టుతోనే పని పడుతుంది. దాన్ని ఎలా విప్పాలి, విరిగితే ఎలా తీయాలి, దాని జాగాలో ఏది వేయాలి, ఎంత బిగించాలి అన్నది ఈ వ్యాసంలో వరసగా చెప్తాను. మెకానికల్ కాని మిత్రులకు కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

ఉదాహరణకు ఒక బండిని తీసుకుంటాను. నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతలలో మా మేనమామ దగ్గర పాత డీజిల్ జీపు ఉంది. ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆయనకే తెలీదు. అచ్చంపేట నుంచి ఎరువుల బస్తాలు తెస్తుంది, పత్తి ఏరే కాలంలో కూలీలను చేనుకు తీసుకపోతుంది. పోయిన సెలవుల్లో దాని వెనక షాకబ్జర్లు రెండూ మార్చాం. నేను, మామ, అచ్చంపేట నుంచి వచ్చిన ఒక మెకానిక్ అన్న. రెండు షాకబ్జర్లకు పైనా కిందా కలిపి నాలుగు బోల్టులు. వాటిలో ఒకటి అడగ్గానే వచ్చింది, రెండు సతాయించాయి, ఒకటి విరిగింది. చదువుకోవడానికి కావలసిన రకాలన్నీ ఒకే బండిలో దొరికాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ జీపుకు షాకబ్జర్ బ్రాకెట్లు ఎవరో ఎప్పుడో వెల్డింగ్ చేసి మార్చారు. కాబట్టి నేను రాసే సైజులు ఈ బండివే. మీ బండివి మీరు కొలుచుకోండి.

షాకబ్జర్ లేకపోతే ఏమవుతుంది

బండి బరువు మోసేది స్ప్రింగు. జీపులో అయితే కమాన్ కట్టలు. షాకబ్జర్ బరువు మోయదు, ఊగును ఆపుతుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడు కమాన్లు బండిని మళ్ళీ మళ్ళీ ఎగరేస్తాయి. షాకబ్జర్ లోపల ఉన్న నూనె సన్నటి దారుల గుండా అటూ ఇటూ పోతూ ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. అందుకే గతుకుల రోడ్డు మీద కాసేపు తిరిగాక షాకబ్జర్‌ని ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది.

అది ఊడిపోతే బండి ఆగిపోదు. ప్రమాదం అక్కడే ఉంది. నడుస్తూనే ఉంటుంది కాబట్టి "తర్వాత చూద్దాం" అనుకుంటాం. కానీ గతుకు దాటిన చక్రం రోడ్డును వదిలి ఎగురుతూ పోతుంది. నేలకు ఆనని చక్రానికి బ్రేకు పనిచేయదు, స్టీరింగు మాట వినదు. పైగా ఒక కొస ఊడి వేలాడే షాకబ్జర్ పక్కనే బ్రేకు పైపు ఉండొచ్చు, టైరు ఉండొచ్చు. ఊరి లోపల తిరిగినంతసేపు ఏమీ కాకపోవచ్చు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు ఎక్కి, వెనక పదిమందిని కూర్చోబెట్టుకొని, ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు గట్టిగా బ్రేకు కొట్టాల్సి వస్తే? ఈ బోల్టు గురించి ఇంత రాయడానికి కారణం అదే.

బోల్టు చేసే అసలు పని

షాకబ్జర్ కొసన ఒక కన్ను ఉంటుంది. కన్నులో రబ్బరు బుష్, బుష్ నడుమ సన్నటి ఇనుప గొట్టం. ఆ గొట్టంలోంచి బోల్టు దూరుతుంది. గొట్టానికి రెండు పక్కలా బ్రాకెట్ చెవులు ఉంటాయి. బిగిస్తే రెండు చెవులూ గొట్టాన్ని గట్టిగా నొక్కి పడతాయి. బండి ఊగినప్పుడు గొట్టం కదలదు, దాని చుట్టూ ఉన్న రబ్బరే మెలితిరిగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది.

చాలామంది బోల్టును గోడకు కొట్టిన మేకులా ఊహించుకుంటారు. షాకబ్జర్ దానికి వేలాడుతోందని, అది అడ్డంగా నిలబడి బలాన్ని మోస్తోందని. సరిగ్గా బిగించిన జాయింట్‌లో అలా జరగదు. బోల్టు స్ప్రింగులా కొద్దిగా సాగి, చెవులను గొట్టానికి నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే షాకబ్జర్ బలాన్ని ఆపుతుంది.

లెక్క వేసి చూద్దాం. మా జీపుకు సరిపోయింది ఎం 12 బోల్టు, పిచ్ 1.75 మి.మీ. దాని మీద 8.8 అని గుద్ది ఉందనుకోండి. బలం తీసుకునే వైశాల్యం 84.3 చదరపు మి.మీ. ఈ గ్రేడుకు, ఈ సైజుకు ప్రూఫ్ స్ట్రెస్ 580 మెగాపాస్కల్స్. అందులో 75 శాతం దాకా బిగిద్దాం.

84.3 × 580 × 0.75 = సుమారు 36,700 న్యూటన్లు.

అంటే మూడున్నర టన్నులకు పైగా బరువు పెట్టి నొక్కినంత. ఇనుముకు ఇనుముకు మధ్య రాపిడి గుణకం 0.2 అనుకుంటే, రెండు పక్కలా కలిపి 14,700 న్యూటన్ల దాకా గొట్టం జారదు. దాదాపు ఒకటిన్నర టన్ను. మామూలు రోడ్డు మీద షాకబ్జర్ లాగే బలం దీనికంటే చాలా తక్కువ.

ఇప్పుడు నట్టు వదులైందనుకోండి. నొక్కుడు పోయింది, రాపిడి పోయింది. గొట్టం ప్రతి గతుకుకూ జారి బోల్టును కొడుతుంది. బోల్టు నిజంగానే మేకు అయిపోతుంది. ఒకసారి ఇటు వంగి, ఒకసారి అటు వంగి, వేలసార్లు. మనం చదువుకునే ఫెటీగ్ అంటే ఇదే. ముందు బ్రాకెట్ బొక్క గుండ్రం పోయి కోడిగుడ్డులా సాగుతుంది, తర్వాత బోల్టు మీద పగులు మొదలవుతుంది. వెనక నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తోందంటే ఈ కథ అప్పటికే మొదలైందని అర్థం.

ఉప్పునుంతలలో ఉప్పు ఎక్కడిది

ఊరి పేరులోనే ఉప్పుందని హాస్టల్లో నన్ను ఆటపట్టిస్తుంటారు. తెలంగాణకు సముద్రమే లేదు, మరి మా జీపు కింద సముద్రపు ఒడ్డున ఉన్న బండికి పట్టినంత తుప్పు ఎందుకు పట్టింది? సమాధానం బస్తాల్లో ఉంది. మనం వంటలో వాడే ఉప్పు సోడియం క్లోరైడ్. చేనుకు వేసే పొటాష్ చాలావరకు పొటాషియం క్లోరైడ్. ఇనుము దృష్టిలో రెండూ దాయాదులే. బస్తా చిరిగి రాలిన పొడి ఫ్లోరు సందుల్లోంచి కిందికి పోతుంది, గాలిలో తేమ పీల్చుకుంటుంది, బ్రాకెట్ మూలల్లో తడి ముద్దలా కూర్చుంటుంది. అమ్మోనియం ఉన్న ఎరువులూ ఇనుముకు మేలు చేయవు. దానికి తోడు వానాకాలంలో దుందుభి వాగు నీళ్ళు, దారి పొడుగునా బురద.

తుప్పుకు నీళ్ళు, ఆక్సిజన్ రెండూ కావాలి. క్లోరైడ్ ఉంటే ఆ నీళ్ళలో కరెంటు సులువుగా పారుతుంది, ఇనుము మీద ఉండే సన్నటి రక్షణ పొర కూడా తెగిపోతుంది. ఇరుకు సందులో ఇంకో తంటా ఉంది. బయట ఆక్సిజన్ ఎక్కువ, సందు లోపల తక్కువ. ఈ తేడా వల్ల లోపలి ఇనుము యానోడ్ అయి కరగడం మొదలుపెడుతుంది. అందుకే బోల్టు తల బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల నడుము మాత్రం సన్నబడుతుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. ఏ రకం తుప్పు అన్నదాన్ని బట్టి రెండు నుంచి ఆరు రెట్ల దాకా. నట్టు మరలకూ బోల్టు మరలకూ మధ్య ఉండే ఖాళీ వెంట్రుక మందం. అందులో ఆ తుప్పు ఉబ్బితే సిమెంటు పోసినట్టే. షాకబ్జర్ బోల్టు ఇలా రెండు చోట్ల పట్టేస్తుంది. ఒకటి మరల దగ్గర, రెండోది గొట్టం లోపల. నట్టు ఊడి వచ్చినా బోల్టు బయటికి రాకపోతే రెండో చోట పట్టిందని తెలుసుకోవాలి.

పానా పట్టుకునే ముందు

బండిని చదును నేల మీద పెట్టండి. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు వేయండి. జాకీతో లేపాక ఫ్రేము కింద స్టాండ్లు పెట్టాలి. స్టాండ్లు లేకపోతే మందపాటి కట్టె దుంగలు అడ్డదిడ్డంగా పేర్చాలి. ఇటుకలు వద్దు, పగులుతాయి. ఒక్క జాకీని నమ్ముకొని కింద దూరొద్దు. ఈ ఒక్క విషయంలో తొందర ఉంటే పనే మానేయండి.

వెనక యాక్సిల్ కింద కూడా ఇంకో జాకీ ఆనించండి. కొన్ని బండ్లలో యాక్సిల్ మరీ కిందికి జారకుండా షాకబ్జరే ఆపుతుంది. అది ఊడగానే యాక్సిల్ దిగి బ్రేకు గొట్టాన్ని గుంజుతుంది.

కమాన్ కట్టల బండిలో షాకబ్జర్ విప్పితే స్ప్రింగు ఎగిరిపడదు. కానీ స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండే బండ్లలో, అంటే ఇప్పటి కార్ల ముందు చక్రాల దగ్గర చూస్తామే అలాంటి వాటిలో, నడిమి నట్టు ముట్టుకోవద్దు. స్ప్రింగును ఒత్తిపట్టే పరికరం లేకుండా ఆ నట్టు విప్పితే మనుషులకే ప్రమాదం.

కళ్ళద్దాలు తప్పనిసరి. కింద పడుకొని పైకి చూస్తూ సుత్తె కొడతాం, తుప్పు రజను నేరుగా కళ్ళలో పడుతుంది.

విప్పడం: ముందు ఓపిక, తర్వాత బలం

వర్క్‌షాపు మాటలు తెలియని వాళ్ళ కోసం చిన్న పరిచయం. మా దిక్కు స్పానర్‌ని పానా అంటారు, మరలను చూడీలు అంటారు. రెండూ హిందీ, ఉర్దూల నుంచి వచ్చినవి. మిస్త్రీ పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చాడు. తెలుగు 'మర' కూడా తక్కువదేమీ కాదు, మరచుట్టు, మరమేకు, మరమ్మతు అని వరసగా గుర్తొస్తాయి. మరమ్మతు మాత్రం అరబ్బీ మాట, మన మరకు చుట్టం కాదు.

ఇక పని. మొదటి రోజు సాయంత్రం మేం పానా ముట్టుకోనే లేదు. ఇనుప బ్రష్షుతో బయటికి కనిపించే మరలన్నీ రుద్ది శుభ్రం చేశాం. మట్టి, తుప్పు ఉండగా నూనె పోస్తే అది పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టాం. స్ప్రే దొరకకపోతే డీజిల్, గాసునూనె కూడా పనికొస్తాయి, కాకపోతే నిదానంగా. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి మళ్ళీ పోశాం. నూనె పోసిన ప్రతిసారీ బోల్టు తల మీద చిన్న సుత్తెతో నాలుగైదు దెబ్బలు. ఆ అదురుకు తుప్పు పొర చిట్లి, నూనెకు దారి దొరుకుతుంది.

పొద్దున పానా పెట్టాక మెకానిక్ అన్న చేసిన మొదటి పని నాకు వింతగా అనిపించింది. విప్పే వైపు కాకుండా, బిగించే వైపు కొంచెం కదిపాడు.

"తమ్మీ, గుంజుడు ఎవరైనా గుంజుతరు. ముందు దాన్ని కదలనియ్యాలె. ఇటు కొంచెం, అటు కొంచెం. కదిలిందంటే సగం వచ్చినట్టే."

కారణం ఆలోచిస్తే తేలికే. ఒకే వైపు తిప్పితే రాలిన తుప్పు పొడి మరల ముందు పోగుపడి మళ్ళీ బిగుసుకుంటుంది. ముందుకూ వెనక్కూ కదిపితే పొడి నలిగి, నూనెతో కలిసి బయటికొస్తుంది.

పానా కూడా చూసి ఎంచుకోవాలి. రెండు పక్కలే పట్టే పానా తుప్పు నట్టు మూలలు అరగదీస్తుంది. రింగు పానా మేలు. ఆరు మూలల సాకెట్ అన్నిటికంటే మేలు, అది మూలల మీద కాక పక్కల మీద బలం వేస్తుంది.

ఇక అందరికీ ఇష్టమైన పద్ధతి, పానాకు పైపు తొడిగి గుంజడం. దీని లెక్క కూడా చూడండి. మీటరు పొడవు పైపు కొసన 30 కిలోల బలంతో గుంజితే బోల్టు మీద పడేది దాదాపు 300 న్యూటన్ మీటర్లు. తుప్పు తినని కొత్త ఎం 12, 8.8 గ్రేడు బోల్టు సుమారు 150 దగ్గరే తెగే స్థితికి వస్తుంది. నడుము సన్నబడిన పాత బోల్టు సంగతి చెప్పక్కర్లేదు. పైపు నట్టును విప్పుతుందో బోల్టును తెంపుతుందో చెప్పలేం. కాబట్టి పైపు తొడిగే ముందు ఇంకో రాత్రి నూనె పోయడం నయం.

నూనెకు లొంగకపోతే వేడి. నట్టును 300 డిగ్రీలు వేడెక్కిస్తే 12 మి.మీ. బొక్క పెరిగేది 0.04 మి.మీ. మాత్రమే. చూడ్డానికి చాలా తక్కువ, కానీ తుప్పు పట్టు వదలడానికి సరిపోతుంది. షరతులు మాత్రం గట్టివి. వేడి నట్టుకు మాత్రమే తగలాలి. షాకబ్జర్ ఒంటికి మంట తగలకూడదు, లోపల నూనె, చాలా వాటిలో ఒత్తిడి మీద ఉన్న గ్యాసు ఉంటాయి, పేలొచ్చు. పక్కన డీజిల్ పైపు, బ్రేకు పైపు ఎక్కడున్నాయో చూసుకోవాలి. స్ప్రే కొట్టిన చోటు తుడిచి ఆరబెట్టాలి. ఎర్రగా కాలిన బోల్టు మళ్ళీ వాడకూడదు, దాని గట్టిదనం పోయి ఉంటుంది.

మా నాలుగు బోల్టులు ఇలా వచ్చాయి. ఎడమ పై బోల్టు ఒక్క పట్టుకే తిరిగింది, దాని మరల మీద పాత గ్రీజు ఇంకా ఉంది. కుడి కింది నట్టు మూలలు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. దాన్ని గ్రైండర్‌తో ఒక పక్క మరల దాకా పోకుండా కోసి, ఆ గాటులో ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే నట్టు విచ్చుకుంది. ఎడమ కింది నట్టు వచ్చింది గానీ బోల్టు గొట్టంలో కరుచుకుపోయింది. ఎటూ షాకబ్జర్ మారుస్తున్నాం కాబట్టి దాన్ని కాపాడే అవసరం లేదు. బుష్‌కూ బ్రాకెట్ చెవికీ మధ్య రెండు వైపులా రంపం బ్లేడుతో కోసేశాం. బ్రాకెట్‌కు గీత పడకుండా చూసుకోవడమే అక్కడ పని.

ఇక కుడి పై బోల్టు. అది విరిగింది.

విరిగితే ఏం చేయాలి

ఈ బోల్టుకు అవతల విడి నట్టు లేదు, బ్రాకెట్ చెవికి వెల్డింగ్ చేసిన నట్టులోకి ఎక్కుతుంది. మెకానిక్ అన్న మామూలు పానాతో, పైపు లేకుండా, నెమ్మదిగా తిప్పుతుండగానే తల, నడుము చేతికి వచ్చాయి. ముక్క నట్టులో ఉండిపోయింది.

ముందు విరిగిన మొహం చూశాం. ఇది ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని. మెలితిప్పినప్పుడు తెగితే మొహం అంతా కొత్తగా మెరుస్తూ, సుడి తిరిగినట్టు ఉంటుంది. దీనిలో సగం మాత్రమే అలా ఉంది. మిగతా సగం నునుపుగా, నల్లటి పాత తుప్పుతో ఉంది, దాని మీద ఒడ్డున అలలు వదిలిన లాంటి గీతలున్నాయి. అంటే పగులు ఎప్పుడో మొదలైంది, సగం బోల్టు చాలా రోజుల కిందటే తెగిపోయింది. ఆ సగం బోల్టుతోనే జీపు అచ్చంపేట పోయి వస్తోంది, కూలీలను మోస్తోంది. పగులు ఉన్న చోటు కూడా పుస్తకంలో చెప్పినట్టే ఉంది, నట్టులోకి ఎక్కే మొదటి మర దగ్గర. మొత్తం బలంలో దాదాపు మూడో వంతు ఆ ఒక్క మర మీదే పడుతుందని మనం చదువుకుంటాం. మామ ఆ ముక్కను చేతిలోకి తీసుకొని చాలాసేపు తిప్పి చూశాడు, ఏమీ అనలేదు.

ముక్కను తీయడానికి పద్ధతులు ఉన్నాయి. ముక్క కొంచెం బయటికి ఉంటే దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి ముక్కకు వెల్డింగ్ చేయడం అన్నిటికంటే మంచి దారి. తిప్పడానికి కొత్త తల దొరుకుతుంది, వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు కూడా సడలుతుంది. మాకు మొదటి నట్టు ఊడిపోయింది, రెండోదానికి ముక్క తిరిగి వచ్చింది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి, డీజిల్ పైపుల మీద తడి గోనె సంచి కప్పాలి, బకెట్ నీళ్ళు, ఇసుక దగ్గర పెట్టుకోవాలి.

ముక్క లోపలికే ఉంటే డ్రిల్లు చేయాలి. సరిగ్గా నడుమ పంచ్‌తో గుర్తు కొట్టి, ముందు 3 మి.మీ., తర్వాత 6, ఆ తర్వాత 8.5, చివరికి 10.2 మి.మీ. ఎం 12కు, 1.75 పిచ్‌కు ట్యాప్ బొక్క 10.2 మి.మీ. గుర్తు నడుమ పడకపోతే డ్రిల్లు పక్కకు పోయి నట్టు మరలను తినేస్తుంది. అందుకని ఈ పనిలో ఎక్కువ సమయం ఆ చుక్క పెట్టడానికే కేటాయించండి. బొక్కలో దిగగొట్టి ఎడమకు తిప్పే ఎక్స్‌ట్రాక్టర్లు దొరుకుతాయి గానీ, బాగా పట్టేసిన బోల్టుకు అవి ప్రమాదం. అవి చాలా గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాని మీద పనిచేయదు.

కొన్ని బండ్లలో బోల్టు బదులు బ్రాకెట్‌కే అతికిన పిన్ను ఉంటుంది. అది విరిగితే ఆ జాగాలో ఒక బోల్టును నిలబెట్టి వెల్డింగ్ చేయడం మనం రోడ్ల మీద తరచూ చూస్తాం. చేయకండి. 8.8 బోల్టు క్వెంచింగ్, టెంపరింగ్ చేసిన ఉక్కు. వెల్డింగ్ పక్కన ఆ ఉక్కు ఒక చోట మెత్తబడుతుంది, ఒక చోట పెళుసుబారుతుంది. పిన్ను ఉన్న బ్రాకెట్టే మొత్తం మార్చాలి.

ఇరవై రూపాయల తగాదా

పాతవి తీసేశాక కొత్త బోల్టుల దగ్గర మా మామకూ నాకూ వాదన వచ్చింది. ఇంట్లో డబ్బా నిండా బోల్టులు ఉన్నాయి.

"అల్లుడా, గీ డబ్బాల లేని బోల్టు లేదు. మళ్ళ అచ్చంపేట పోవాల్నా?"

"మామా, వీటి తల మీద నంబరే లేదు."

"నంబరు లేకుంటే ఏమైతది? లావు గంతే ఉంది గద."

లావు అంతే ఉంది, నిజమే. కానీ తల మీద గుర్తు లేని బోల్టును మెత్తటి ఉక్కు కిందే లెక్కేయాలి, అంటే 4.6 గ్రేడు. ఈ నంబర్లు చదవడం తేలిక. మొదటి అంకెను 100తో గుణిస్తే తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. రెండో అంకె చెప్పేది, అందులో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు శాశ్వతంగా సాగిపోతుందో. 8.8 అంటే 800, 640. 4.6 అంటే 400, 240. ఇందాకటి లెక్కనే 4.6కు చేస్తే ప్రూఫ్ స్ట్రెస్ 225 కాబట్టి నొక్కుడు 14,200 న్యూటన్లే వస్తుంది. 8.8తో వచ్చినదానిలో సగం కూడా లేదు. దాన్ని 8.8లా బిగిస్తే బోల్టు సాగిపోతుంది, సాగిన బోల్టు నొక్కదు. దాని స్థాయికే బిగిస్తే గతుకులకు గొట్టం జారుతుంది. ఎటు పోయినా మళ్ళీ ఆ సగం తెగిన బోల్టు దగ్గరికే వస్తాం.

ఇదంతా మామకు లెక్కలుగా చెప్పలేదు. విరిగిన ముక్కను చూపించి, "దీని తల మీద కూడా నంబరు లేదు మామా" అన్నాను. బండి తాళం తీసుకొని లేచాడు.

కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, తల మీద 8.8 గుర్తుతో పాటు తయారీదారు గుర్తు కూడా ఉండాలి. నట్టు మీద 8 ఉండాలి. బలమైన బోల్టుకు మెత్తటి నట్టు వేస్తే నట్టు మరలు ఊడతాయి.

రెండు, మర రకం. జీపు పుట్టింది అమెరికాలో, అందుకే పాత జీపుల్లో అంగుళాల బోల్టులు కనిపిస్తాయి. అర అంగుళం అంటే 12.7 మి.మీ., సన్న మర అయితే అంగుళానికి 20 చుట్లు. దాని తలకు కూడా 19 నంబరు పానా సరిపోతుంది, పాత రకం ఎం 12 తలకూ అదే పానా సరిపోతుంది. కాబట్టి పానా చెప్పే సాక్ష్యం నమ్మొద్దు. వెర్నియర్‌తో లావు, పిచ్ గేజ్‌తో మర చూడండి. గేజ్ లేకపోతే కొత్త నట్టును చేత్తో ఎక్కించండి. చివరిదాకా వేళ్ళతోనే ఎక్కాలి. రెండు మూడు చుట్లకే బిగిస్తే అది దాని జత కాదు.

మూడు, పొడవు. బ్రాకెట్ చెవుల్లో, గొట్టంలో ఉండేది మరలు లేని నున్నటి భాగం అయితే మంచిది. మర ఉన్న చోట బోల్టు సన్నగా ఉంటుంది, ప్రతి మర అడుగు పగులుకు మొదలు కావొచ్చు. నట్టు దాటి రెండు మూడు చుట్లు బయటికి కనపడాలి.

నాలుగు, నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు అయితే ప్రతిసారీ కొత్తది. ఒకసారి విప్పినదాని పట్టు తగ్గిపోతుంది.

బిగించడం

బొక్కలు, చెవుల లోపలి పక్కలు శుభ్రంగా రుద్దాలి. చెవికీ గొట్టానికీ మధ్య రంగు మందంగా ఉంటే, తర్వాత అది నలిగి బిగింపు వదులవుతుంది. వెల్డు నట్టు మరల్లో ట్యాప్ ఒకసారి నడిపి తుప్పు తీసేయాలి. గొట్టంలో దూరే నున్నటి భాగానికి గ్రీజు పూయండి. మళ్ళీ షాకబ్జర్ మార్చే రోజున మీరో ఇంకెవరో దీనికి దండం పెట్టుకుంటారు.

ఎంత బిగించాలి? కంపెనీ పుస్తకం ఉంటే అందులో ఉన్నదే ప్రమాణం. మా బండి బ్రాకెట్లు మారాయి కాబట్టి లెక్క వేసుకున్నాం. టార్కు అంటే 0.2 × నొక్కుడు × లావు. 0.2 × 36,700 × 0.012 = 88 న్యూటన్ మీటర్లు. 30 సెంటీమీటర్ల పానా కొసన 30 కిలోల బలం. మరలకు గ్రీజు తగిలితే ఆ 0.2 తగ్గి 0.15 దగ్గరికి వస్తుంది, అప్పుడు 66 చాలు. గ్రీజు రాసి కూడా 88 బిగిస్తే బోల్టు మీద అనుకున్నదానికంటే ఎక్కువ భారం పడుతుంది. ఈ లెక్క లోపల ఇనుప గొట్టం ఉన్న బుష్‌కే వర్తిస్తుంది. రబ్బరును నేరుగా వాషర్లు నొక్కే రకానికి ఇంత బిగిస్తే రబ్బరు చిట్లుతుంది.

అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది ఇది. చక్రాలు గాలిలో ఉండగా చివరి బిగింపు చేయకూడదు. ముందు చేత్తో పట్టేంత బిగించి, బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. ఎందుకంటే బిగించిన క్షణంలో గొట్టం ఏ కోణంలో ఉంటే అక్కడే ఆగిపోతుంది. గాలిలో బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలితిరుగుతుంది, నిలబడి ఉన్నా మెలితిరిగే ఉంటుంది. కొత్త బుష్ తొందరగా చిరిగిపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

బిగించాక నట్టు మీది నుంచి బ్రాకెట్ మీదికి రంగుతో ఒక గీత గీశాం. గీత కలిసి ఉన్నంతకాలం నట్టు కదలలేదని పడుకొని చూడకుండానే తెలుస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పానా పెట్టి చూడాలి, కొత్త జాయింట్ కొంచెం సర్దుకుంటుంది. షాకబ్జర్లు ఎప్పుడూ జతగా మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క నీరసించినది ఉంటే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక వైపు గుంజుతుంది.

బైకులకూ సూత్రం ఇదే. చేన్లకు తిరిగే పాత బండ్లకు, ముఖ్యంగా వెనక మందు బస్తా కట్టుకొని పోయేవాటికి, షాకబ్జర్ కింది బోల్టే ముందు పట్టేస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం కింద కట్టె పెట్టి, ఒక్కో పక్కా విడిగా విప్పి మార్చుకోవచ్చు.

ఎరువు మోసిన రోజు సాయంత్రం బండి కింద నీళ్ళు కొట్టడం, వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి బయటి మరల మీద గ్రీజు పూయడం, రెండూ కలిపి గంట పని. మా మామ ఇప్పుడు చేస్తున్నాడు. మీలో ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి బండి కింద ఒకసారి టార్చి వేసి చూడండి. షాకబ్జర్ బోల్టు తల మీద నంబరు ఉందా, బొక్క గుండ్రంగా ఉందా, నట్టు చుట్టూ ఎర్రటి పొడి రాలుతోందా. ఎర్రటి పొడి కనిపిస్తే అక్కడ ఇనుము ఇనుముతో రాసుకుంటోందని గుర్తు. ఆ బండిని శ్రీశైలం రోడ్డు మీదికి పంపే ముందు ఒక రాత్రి నూనె పోసి ఉంచండి, పొద్దున్నే పానా పట్టండి.